పదకొండో నెల

ప్రసన్నకి తన కూతురి చెవుల మీద ఎంత నమ్మకమంటే, అంగన్‌వాడీ టీచర్ జెస్సీ మొదటిసారి ఆ మాట అన్నప్పుడు నవ్వేసింది.

"మా పాపకి వినపడదా? ఎవరో అనుకుని ఎవరి గురించో చెప్తున్నారండీ మీరు."

"శ్రీదుర్గ గురించేనండీ," అంది జెస్సీ. "వెనక నించుని పిలిస్తే తిరగదు. 'కూర్చోండర్రా' అంటే అందరూ కూర్చున్నాక, వాళ్ళని చూసి కూర్చుంటుంది. ఆట కూడా అంతే, ఒక్క అర నిమిషం వెనక. చాలా తెలివైంది. అందుకే ఇన్నాళ్ళూ బయటపడలేదేమో."

ప్రసన్న పెడనలో కలంకారీ అద్దకం షెడ్డులో పని చేస్తుంది. కొయ్య అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద సరిగ్గా కుదిర్చి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాలి. రోజంతా అదే పని. శ్రీదుర్గకి నడక రాకముందు నుంచీ బల్ల అంచు పట్టుకుని నిలబడటం అలవాటు. గుద్దు పడటం ఆలస్యం, తల తిప్పి తల్లి మొహంలోకి చూసి నవ్వేది. షెడ్డులో అందరూ ఆ పిల్లవి పాము చెవులనేవారు. మూడేళ్ళు నిండినా నోటి వెంట మాట రాకపోతే, ప్రసన్న తల్లి వెంకటరత్నమ్మ ధైర్యం చెప్పేది. "నువ్వు కూడా మూడేళ్ళు దాటాకే నోరు విప్పావే. మన ఇంట్లో అంతే."

అమ్మ చెప్పాక ప్రసన్నకి ఇంకొకరిని అడగాలని అనిపించలేదు. తండ్రి పోయినప్పటి నుంచీ ప్రసన్నకి అన్నీ అమ్మే. భర్త రాజకుమార్ ముదినేపల్లి దగ్గర చేపల చెరువుల మీద సూపర్‌వైజరు. వారానికి ఒక రోజు ఇంటికొస్తాడు. పాపని నిజంగా పెంచింది అమ్మమ్మే. స్నానం, అన్నం, నిద్ర అన్నీ ఆవిడ చేతుల మీదే. తను షెడ్డు నుంచి వచ్చేసరికి ఆ ఇద్దరూ వీధి అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని వేళ్ళు తిప్పుతూ, మొహాలు చిట్లిస్తూ, ఏదో ఆటలో మునిగి ఉండేవాళ్ళు. ప్రసన్నని చూడగానే అమ్మ చేతులు ఒళ్ళోకి దించేసి లేచేది. పాప కాసేపు మొహం ముడుచుకునేది. తన కూతురికి తనకంటే అమ్మమ్మంటేనే ఎక్కువ ఇష్టమని ప్రసన్న ఒకటి రెండుసార్లు లోలోపల నొచ్చుకుంది కూడా.

జెస్సీ మర్నాడు మధ్యాహ్నం షెడ్డుకే వచ్చింది. ఆ ఏడే ఆ సెంటరుకి వచ్చిన పిల్ల, బందరు అమ్మాయి, పాతికేళ్ళు కూడా ఉండవు. ప్రసన్న ముందే చేతిలో అచ్చు పట్టుకుని సిద్ధంగా ఉంది.

"చూడండి," అని బల్ల మీద గుద్దింది. శ్రీదుర్గ తిరిగి నవ్వింది.

"ఏవీ అనుకోకండి," అంటూ జెస్సీ పాప రెండు చేతులూ బల్ల మీంచి మెల్లగా తీసి, రెండడుగులు వెనక్కి నడిపించి, ఆరిన గుడ్డల మడతల మీద కూర్చోబెట్టింది. చేతికో బొమ్మ ఇచ్చింది. "ఇప్పుడు కొట్టండి."

ప్రసన్న కొట్టింది. పాప బొమ్మ వైపే చూస్తోంది. ఇంకోసారి కొట్టింది. మూడోసారి పిడికిలి నొప్పి పుట్టేలా కొట్టింది. జెస్సీ అన్నం తినే స్టీలు కంచం తీసుకుని పాప తల వెనక గరిటెతో వాయించింది. షెడ్డులో అందరూ పని ఆపి చూశారు. శ్రీదుర్గ ఒక్కతే చూడలేదు.

"బల్ల అదురుతుందండీ," అంది జెస్సీ, ఎంతో మెల్లగా. "చేతికి తెలుస్తుంది దానికి."

ఆ సాయంత్రం ప్రసన్న జరిగింది అమ్మతో చెప్పింది. వెంకటరత్నమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తలేదు.

"నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకేం తెలుసే. ధ్యాసలో ఉంటే పిల్లలు అంతే. ఈ వర్షాలు తగ్గనీ, అప్పుడు చూద్దాం."

"ఒకసారి గుడివాడలో చూపిస్తే పోలా అమ్మా?"

"చూపించు. నేనొద్దన్నానా?" అంది అమ్మ. అని లేచి వెళ్ళిపోయింది. బియ్యం చేటలోనే ఉండిపోయాయి.

గుడివాడలో చెవుల పరీక్షలు చేసే చోటుకి ప్రసన్న పాపని తీసుకుని రైల్లో వెళ్ళింది. రాజకుమార్ ముదినేపల్లి నుంచి బండి మీద నేరుగా అక్కడికొచ్చాడు. పరీక్షలు చేసే అమ్మాయి పేరు హిమబిందు. పాప పేరూ, పుట్టిన తేదీ, ఊరూ అడిగి కంప్యూటర్లో కొడుతూ ఆగింది.

"మీరు ఇంతకుముందు వచ్చారు కదండీ?"

"లేదండీ, ఇదే మొదటిసారి."

"శ్రీదుర్గ, పెడన, తల్లి ప్రసన్న, తండ్రి రాజకుమార్. పుట్టిన తేదీ కూడా ఇదే." హిమబిందు తెర మీద వేలు పెట్టి చదివింది. "పాపకి పదకొండో నెలలో మేమే పరీక్ష చేశాం. రెండు చెవులకీ వినికిడి బాగా తక్కువని రిపోర్టు ఇచ్చాం. వెంటనే చెవి మిషన్లు పెట్టాలి, తల్లిదండ్రుల్ని తీసుకుని వారంలో రమ్మని రాసి ఉంది. తీసుకొచ్చినవారు..." ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. "వెంకటరత్నమ్మ గారు. అమ్మమ్మ."

 ప్రసన్న ముందుకి వంగి తెర మీది ఆ పేరుని తనే చదువుకుంది.

పదకొండో నెల ఆమెకి బాగా గుర్తుంది. అప్పుడు తను కామెర్లొచ్చి మంచం పట్టింది. పాప అప్పటికే నిశ్శబ్దమైపోయింది. ఆరో నెలలో బ్బబ్బ, త్తత్త అని ఇల్లంతా ఎగరగొట్టిన పిల్ల నెమ్మదిగా ఆ శబ్దాలన్నీ మానేసింది. అడిగితే అమ్మ, "పళ్ళొస్తున్నాయిగా, చిరాకు" అంది. ఆ నెలలోనే ఒక మంగళవారం, "మోపిదేవి వెళ్ళి మొక్కు తీర్చుకొస్తా, పాపని కూడా తీసుకెళ్తా" అని పొద్దున్నే బయల్దేరింది. సాయంత్రం వచ్చి ప్రసన్న నుదుట విభూతి పెట్టింది. దేవుడు చల్లగా చూస్తాడంది. ఆ విభూతి ఎక్కడిదో! అమ్మ ఆ రోజు మోపిదేవి వైపే వెళ్ళలేదు. గుడివాడ వచ్చింది.

మళ్ళీ పరీక్ష చేశారు. పాపని నిద్రపుచ్చి, తలకి వైర్లు అంటించి, చాలాసేపు చేశారు. ఫలితం మారలేదు.

"అప్పుడే మొదలుపెట్టి ఉంటే..." అని రాజకుమార్ అడగబోయాడు.

"మేలు జరిగేదండీ, అబద్ధం చెప్పను. మాటని పట్టుకునే శక్తి పిల్లలకి ఈ మొదటి మూడు నాలుగేళ్ళలో ఉన్నంత తర్వాత ఉండదు. అట్లాగని ఇప్పుడు తలుపులు మూసుకుపోలేదు. మిషన్లు పెడదాం, ఆపరేషన్‌కి పనికొస్తుందేమో పెద్దాసుపత్రిలో చూపిద్దాం. వారానికి రెండుసార్లు శిక్షణకి రావాలి." హిమబిందు పాప వంక చూసి నవ్వింది. "ఒక్క మంచి విషయం ఉంది. సాధారణంగా ఇంత ఆలస్యంగా వచ్చే పిల్లల్లో లోపల మాటే ఉండదు. మీ పాప అలా కాదు. మీ ఇంట్లో పాపతో చేతులతో ఎవరు మాట్లాడతారు?"

"ఎవరూ మాట్లాడరండీ."

"మాట్లాడుతున్నారు. చూడండి." ఆమె శ్రీదుర్గ ముందు ఖాళీ గ్లాసు పెట్టింది. పాప తన గొంతు మీద రెండు వేళ్ళు జార్చి, అరచెయ్యి తిప్పింది. హిమబిందు అదే సైగ తిరిగి చేసేసరికి పాప మొహం వెలిగిపోయింది. కొత్త మనిషి తన భాష మాట్లాడినట్టు గబగబా ఇంకేవో చెప్పింది. ముక్కు పక్కన వేలితో ఒత్తి, తలుపు వైపు చూపించింది. పిడికిలితో ఎడమ అరచేతిలో ఒక గుద్దు గుద్ది, ప్రసన్న వైపు చూపించింది. "ఇవి ఊరికే ఊపడం కాదండీ. మాటలు. ఎవరో కూర్చుని, ఓపికగా నేర్పారు," అంది హిమబిందు.

ముక్కు పక్కన వేలు. అమ్మ ముక్కుపుడక. అంటే అమ్మమ్మ.

పిడికిలి గుద్దు ఎన్ని వందలసార్లు చూసింది ప్రసన్న! అచ్చు గుద్దడాన్ని అనుకరిస్తోందని మురిసిపోయి షెడ్డులో అందరికీ చెప్పుకుంది. అది అనుకరణ కాదు. పాప తనని పిలుస్తోంది. ఏడాదిగానో, రెండేళ్ళుగానో అమ్మా అని పిలుస్తోంటే తను పలకలేదు.

బయటికొచ్చాక రాజకుమార్ బండి తాళం తీశాడు.

"మా వైపు ఎవరికీ ఇలా లేదు," అన్నాడు.

ప్రసన్న అతని మొహంలోకి చూసింది. "ఇప్పుడు అనాల్సిన మాట అదేనాండీ?"

"ఉన్నమాటే అన్నాను. మీ అమ్మ ఎందుకు దాచింది? ఏదో ఉంది కాబట్టే దాచింది. ఆవిడ ఇంట్లో ఉంటే నేను గడప తొక్కను, చెప్పు ఆవిడతో." పాప తల నిమిరాడు, కళ్ళు తుడుచుకున్నాడు, బండి ఎక్కి ముదినేపల్లి వెళ్ళిపోయాడు.

రైల్లో శ్రీదుర్గ కిటికీ పక్కన కూర్చుని కనిపించిన ప్రతిదానికీ చేతులు కదిపింది. కొంగకి ఒకటి, గేదెకి ఒకటి. కొన్ని ప్రసన్నకి అర్థమయ్యాయి. చాలా వాటికి ఆమె తలూపింది, అంతే. పాప మూడోసారి అదే సైగ చేసి, తల్లికి తెలియడం లేదని గ్రహించి, చేతులు ముడుచుకుని కిటికీ వైపు తిరిగిపోయింది. గుడ్లవల్లేరు దాటేదాకా ఇటు తిరగలేదు.

ఇంటికొచ్చేసరికి వెంకటరత్నమ్మ అరుగు మీదే కూర్చుని ఉంది. కూతురి చేతిలో కాగితాలు చూడగానే లేచి నిలబడింది. పాప పరుగెత్తుకెళ్ళి అమ్మమ్మ కాళ్ళని చుట్టేసింది.

"అన్నం తిన్నారా?" అంది వెంకటరత్నమ్మ.

"మోపిదేవిలో దర్శనం బాగా జరిగిందా అమ్మా ఆ రోజు?"

వెంకటరత్నమ్మ పాప చేతులు మెల్లగా విడిపించుకుంది. లోపలికి నడిచి, గోడకి ఆనుకుని కూలబడింది.

"చెప్పు. మూడేళ్ళు పక్కలో వేసుకుని పాటలు పాడాను దానికి. పాడితే మాటలొస్తాయన్నది నువ్వే. నువ్వు ఆ పక్క మంచం మీద పడుకుని వింటూనే ఉన్నావు. ఒక్కరోజన్నా 'వద్దే, దానికి వినపడదు' అనాలనిపించలేదా?"

"అనిపించింది," అంది అమ్మ. "రోజూ అనిపించింది."

"మరి?"

వెంకటరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ పుట్టింది హంసలదీవి వెళ్ళే దారిలో ఒక చిన్న ఊళ్ళో. చెల్లెలు రాఘవమ్మ ఉండేదనీ, డెబ్భై ఏడు ఉప్పెనలో పోయిందనీ ప్రసన్నకి తెలుసు. తెలియనిదేమిటంటే, రాఘవమ్మకి పుట్టుకతోనే వినపడదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ చేతులతోనే మాట్లాడుకునేవారు. ఇంకెవరికీ ఆ మాటలు రావు. ఉప్పెన వచ్చినప్పుడు వాళ్ళ నాన్న అందరినీ పైకెక్కమని అరిచాడు. పదేళ్ళ రాఘవమ్మ అటు తిరిగి ఉంది. "నేను దాని ముందుకెళ్ళి చేతులు ఊపాలి. దూరంలో ఉన్నాను. వెళ్ళలేకపోయాను." తర్వాత పెడన సంబంధం కుదిరినప్పుడు, పెద్దవాళ్ళు ఆ పిల్లకి వినపడదన్న సంగతి ఎవరికీ చెప్పొద్దన్నారు. "మీ నాన్నక్కూడా చెప్పలేదు," అంది.

"శ్రీదుర్గకి పది నెలలప్పుడు నాకు తెలిసిపోయింది. చూడగానే తెలిసింది. అబద్ధమైతే బాగుండునని గుడివాడ తీసుకెళ్ళాను. వాళ్ళు చెప్పాక రైలు దిగి స్టేషన్లోనే కూర్చుండిపోయాను. ఈ సంగతి తెలిస్తే అల్లుడు ఏమంటాడు? మీ వైపు నించే అంటాడు. నీ కాపరం ఏమైపోతుంది? నువ్వేమో లేవలేని స్థితిలో ఉన్నావు. కాస్త కోలుకోనీ, చెబుదాం అనుకున్నాను. నెల పోయింది. ఆర్నెల్లు పోయాయి. ఆ తర్వాత ఎలా చెప్పను? ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటావుగా." ఆవిడ తల అడ్డంగా ఊపింది. "దాన్ని ఊరికే వదల్లేదే ప్రసన్నా. రాఘవకి నేర్పినట్టే నేర్పాను. నువ్వు లేనప్పుడల్లా నేర్పాను."

"నేను లేనప్పుడా?"

ప్రసన్న ఆవిడ ఎదురుగా కూర్చుంది.

"వినపడకే నీ చెల్లెలు పోయిందన్నావు. అయితే ఈ ఊళ్ళో అందరికంటే నీకే బాగా తెలుసు, చెవులు లేని పిల్లకి ఏమవుతుందో. తెలిసీ దాచావు. సరే, నా కాపరం కోసం దాచావనుకుందాం. ఆ చేతి మాటలు నాకెందుకు దాచావు? అది నన్ను పిలుస్తుంటే నేను నవ్వుకుంటూ నించున్నాను. నువ్వు చూస్తూ ఊరుకున్నావు."

"నీకు నేర్పితే తెలిసిపోతుందిగా."

"నేను మూడేళ్ళకి మాట్లాడానన్నావే, అది నిజమా?"

"ఏడాదికే మాట్లాడావు. అత్తా అన్నావు మొదట."

అమ్మ చెప్పిన అన్ని అబద్ధాల్లోకీ ఆ చిన్నదే ఎందుకో ప్రసన్నని ఎక్కువగా పొడిచింది. ఆమె ఏడవలేదు. పాపని ఎత్తుకుని వెనక గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. శ్రీదుర్గ కాసేపు తలుపు వైపు చూసి, ముక్కు పక్కన వేలు ఒత్తింది. ఒత్తుతూనే ఉంది.

వెంకటరత్నమ్మ ఆ వారంలోనే బట్టలు సర్దుకుంది. కోడూరులో తమ్ముడి కొడుకు దగ్గరికి వెళ్తానంది. ప్రసన్న వెళ్ళమనీ అనలేదు, ఉండమనీ అనలేదు. అమ్మ వెళ్ళిపోయింది. రాజకుమార్ వచ్చాడు, పాపకి చెవి మిషన్లు కొన్నాడు, తను అన్న మాటలన్నిటికీ క్షమించమని కూడా అడిగాడు. ప్రసన్న క్షమించానంది. మనసులో ఇంకా ఎక్కడో ఉంది గానీ, అతను వారం వారం పాపతో శిక్షణకి వచ్చి నేల మీద కూర్చుని నేర్చుకుంటున్నాడు కదా అని ఊరుకుంది.

శ్రీదుర్గ మాత్రం అన్నం తినడం తగ్గించింది. ఏదో చెబుతుంది, ఎవరికీ అర్థం కాదు, విసిగిపోయి కంచం తోసేస్తుంది. మిషన్లు పీకి పారేస్తుంది. ఇదివరకు నవ్వుతూ తిరిగే పిల్ల జెస్సీ సెంటర్లో పక్క పిల్లాణ్ణి కరిచింది. మూడో వారం శిక్షణలో హిమబిందు ప్రసన్నని పక్కకి పిలిచింది.

"పాపకి కొత్త మాటలు అందాలంటే పాత మాటల మీదుగానే అందాలమ్మా. ఆ పాత మాటలు తెలిసిన మనిషిని మీరు ఇంట్లోంచి పంపేశారు."

"ఆవిడ ఏం చేసిందో మీకు తెలుసు కదండీ."

"తెలుసు. మీ కోపం తప్పని నేను అనను. పాపకి మాత్రం ఇప్పుడు మాట్లాడటానికి ఎవరూ లేరు."

ఆదివారం ప్రసన్న ఒక్కతే బస్సెక్కి కోడూరు వెళ్ళింది. వెంకటరత్నమ్మ చిక్కిపోయి ఉంది. కూతుర్ని చూడగానే ఏడ్చింది. ప్రసన్న సంచిలోంచి నోటు పుస్తకం, పెన్ను తీసి ముందు పెట్టుకుంది.

"దానికి ఏమేం మాటలు వచ్చో ఒక్కొక్కటే చెప్పు. చేసి చూపించు."

సాయంత్రం బస్సు దాకా ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆకలి, భయం, రేపు, వాన, కాదు, ఇంకా కావాలి. మొత్తం నూట నలభైకి పైగా ఉన్నాయి. కొన్ని రాఘవమ్మవి, కొన్ని పాప సొంతంగా కట్టుకున్నవి. ప్రసన్న రాసుకుంది, చేతులతో చేసింది, తప్పు చేస్తే అమ్మ వేళ్ళు పట్టుకుని సరిచేసింది. సరిచేయగానే ప్రసన్న చెయ్యి వెనక్కి తీసుకునేది. ఆఖరికి పుస్తకం మూస్తూ, "బట్టలు సర్దుకో. పాప కోసం," అంది.

"ప్రసన్నా, నన్ను..."

"అది అడగకు."

ఏడాది గడిచింది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ అయింది. శ్రీదుర్గ ఇప్పుడు కుక్క మొరిగితే తిరుగుతుంది, వానకి చెవి మీద చెయ్యి పెట్టుకుని ఆశ్చర్యపోతుంది. నోటితో పాతిక మాటలు, చేతులతో లెక్కలేనన్ని. తన ఈడు పిల్లల కంటే వెనకే ఉంది. ఎంత వెనకో హిమబిందు గ్రాఫు గీసి చూపించినప్పుడల్లా, ప్రసన్న అందులో పదకొండో నెల నుంచి మూడేళ్ళ దాకా ఉన్న ఖాళీ చోటునే చూస్తుంది. ఇంట్లో తల్లీకూతుళ్ళు పాప గురించి మాట్లాడుకుంటారు. అంతకుమించి మాట్లాడుకోరు. వెంకటరత్నమ్మ ఏదైనా చెబితే ప్రసన్న ఇంకొకరిని అడిగి కనుక్కుంటుంది. పాపకి జ్వరం లేదని చెప్పినా సరే, తను నుదురు ముట్టుకుని చూసుకుంటుంది.

జెస్సీకి ఒక ఆలోచన వచ్చింది. సెంటర్లో పిల్లలందరికీ శ్రీదుర్గ చేతి మాటలు నేర్పితే దానికి ఆడుకునేందుకు తోడు దొరుకుతుందంది. "మామ్మగారే వచ్చి నేర్పాలి. శుక్రవారం శుక్రవారం పంపిస్తారా అక్కా?" అని అడిగింది. ప్రసన్న పాప కోసం సరేనంది.

మొదటి శుక్రవారం ప్రసన్న ఇద్దర్నీ గుమ్మం దాకా దిగబెట్టింది. లోపల పిల్లలు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. వెంకటరత్నమ్మ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు సవరించుకుని, వెనక్కి తిరిగింది. అరవై దాటిన ఆ మొహంలో బడిలో మొదటి రోజు పిల్లకుండే బెరుకుంది.

"సాయంత్రం వస్తావా?" అని అడిగింది.

"పాపని తీసుకెళ్ళడానికి వస్తాను," అంది ప్రసన్న. షెడ్డుకి టైమైందని గబగబా నడిచింది.